గంగన్న దాటిన ఎర్రలైటు

శుక్రవారం నమాజ్ అయినంక నా టైలర్ దుకాణం బందే ఉంటది గానీ, నేను రూముకు పోను. దోహాల ఉమ్ ఘువైలినా బస్తీల మా దుకాణం పక్కనే మలబారీ వాళ్ల చాయ్ హోటల్ ఉంటది, దాని ముంగట రెండు బెంచీలు. మా జగిత్యాల దిక్కు మంది క్యాంపుల నుంచి బస్సు దిగి దోహాకు వస్తే ముందుగాల ఆడికే వస్తరు. గంగన్న గూడ ఆడికే వస్తడు. ఆయన మదీనత్ ఖలీఫాల ఒక అరబ్బు సేటు ఇంట్ల డ్రైవర్, సేటును ఈడ అర్బాబ్ అంటరు. అర్బాబ్ పిల్లలను పొద్దున బడికి తోలుడు, పగటికి తెచ్చుడు, అది డ్యూటీ. బండి ఎంత మంచిగ నడుపుతడో నేను చూడలేదు గానీ, ముచ్చట నడుపుట్ల మాత్రం ఆయనకు బ్రేకు లేదు.

ఆ శుక్రవారం లస్మయ్య వచ్చిండు. రాస్ లఫాన్‌ల గ్యాస్ ప్లాంట్ కట్టే కాడ సెంట్రింగ్ పని చేస్తడు. పెండ్లాం రాములవ్వ కడుపుతోని ఉన్నప్పుడు కతర్‌కు వచ్చిండు, పుట్టిన కొడుకును ఇప్పటిదాక ఎత్తుకోలేదు. పిలగాని పుట్టు వెంట్రుకలు తండ్రి లేకుండ తియ్యొద్దని ఇంట్ల పట్టుబట్టిన్రు. జుట్టు కండ్లల్ల పడుతున్నదని రాములవ్వ జడలు అల్లుతున్నదట, వాడకట్టు పిల్లలు ఆడపిల్ల ఆడపిల్ల అని ఏడిపిస్తున్నరట. వచ్చే వారం లస్మయ్య పోయి, వేములవాడకు తీస్కపోయి తీపియ్యాలె. టికెట్ వచ్చింది. కంపెనోళ్లు సెలవు ఇచ్చి, తమ కాడ పెట్టుకున్న పాస్‌పోర్ట్ గూడ చేతికిచ్చిన్రు. ఇచ్చిన దినమే గంగన్న సిగ్నల్ దాటి పోలీసోళ్లకు దొరికిండు.

గసొంటి కేసుల కోర్టు తారీఖు దాక బయట తిరగాలంటే ఎవలదన్న ఒక పాస్‌పోర్ట్ జమానత్ పెట్టుమన్నరట. తారీఖుకు పోయి నిలబడితే పాస్‌పోర్ట్ వాపస్ ఇస్తరు, పోకపోతే జప్తు. గంగన్న పాస్‌పోర్ట్ అర్బాబ్ బీరువల ఉన్నది. అడిగితే ముచ్చట అర్బాబ్‌కు తెలుస్తది, తెలిస్తే నౌకరి పోతది. అందుకని లస్మయ్యకు ఫోన్ చేసిండు. ఒక్క ఊరోడు గదా అని లస్మయ్య తెచ్చి పెట్టిండు. కోర్టు తారీఖు బుధవారం ఉండె, అది ఎల్లిపోయింది.

లస్మయ్య వచ్చుడు వచ్చుడే "కేసు ఏమైందన్నా" అని అడిగిండు. గంగన్న కాళ్లు రెండు బెంచీ మీదికి తీస్కోని కూసున్నడు. ఆయన గట్ల కూసున్నడంటే చాయ్ ఇంకో గిలాస చెప్పుకోవాలె.

"ఖతం అయింది తమ్మీ. నువ్వు ముందు చాయ్ తాగు. అసలు అది కేసే కాదు. పిల్లలను బడిల దింపి వస్తున్న, సిగ్నల్ కాడికి వచ్చిన, లైటు పచ్చ పోయి పసుపు పడ్డది, ఆగుదామనే అనుకున్న, ఎనుకొచ్చేటోడు హారన్ కొట్టిండు, ఆయనకు ఏం తొందర ఉన్నదో పాపం అని జర ముందుకు పోనిచ్చిన, నేను నడుమల ఉన్నప్పుడు అది ఎర్రగయింది. అంటే నేను ఎర్రలైటు దాటలేదు, ఎర్రలైటే నా మీదికెల్లి దాటింది. గంతల ఒక ట్యాక్సీ వచ్చి దాని డోర్‌ను నా బంపర్‌కు ఆనిచ్చింది. గింతే ముచ్చట."

రాజన్న అని మా దిక్కు మేస్త్రీ, పక్క బెంచీ మీద పల్లీలు తింటున్నడు. డోర్ ఊడి రోడ్డు మీద పడ్డదని విన్ననే అన్నడు.

"పడ్డది. దాని స్క్రూలు లూజున్నయి, అది ఆ ట్యాక్సీ కంపెనోన్ని అడుగు. ఇగ పోలీసాయన వచ్చిండు. ఒకటి సిగ్నల్ దాటినవు, రెండు బండికి గుద్దినవు, రెండు కేసులు అన్నడు. ఇంకొకడైతే ఏడ్సేటోడు. నేను చెప్పు ఇడిసిన. కాలు ఎత్తి చూపిచ్చిన. హుజూర్, ఈ కాలు రేసు ఎన్నిసార్లు తొక్కింది, ఒక్కసారి, ఒక్క తొక్కుడుకు ఒక్క తప్పు అయితది గానీ రెండెట్ల అయితయి అన్న. ఆయన టోపీ తీసి నా బానెట్ మీద పెట్టిండు. ఆలోచన చేసిండు. ఎనుక బండ్లు సముద్రం ఒడ్డు దాక ఆగినయి, ఒక్కడు హారన్ కొడ్తే ఒట్టు, అందరు అద్దాలు దించి ఇంటున్నరు. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా?"

ఎరుక అని ఎవలం అనలేదు. అన్నా ఆగేటోడు కాదు.

"స్టేషన్‌కు తీస్కపోయిన్రు. పట్కపోయిన్రు అనుకునేరు, పిలుచుకపోయిన్రు. ముంగట ఒక పోలీసు బండి, ఎనుక ఒక పోలీసు బండి, నడుమ నేను, ఎవలో పెద్ద షేక్ పోతున్నడని దారి పొడుగున మంది సలాములు పెట్టిన్రు. స్టేషన్ల ఉన్నోళ్లందరిని ఆఫీసర్ జమ చేసిండు. ఈ ఇండియా మనిషి ఒక ముచ్చట అంటున్నడు, ఒక్క తప్పుకు ఒక్కటే శిక్ష అట, దీనికి జవాబు ఎవల దగ్గరన్న ఉన్నదా అన్నడు. ఎవల దగ్గర లేదు. ఆఖరికి లాకప్‌ల ఉన్నోళ్లను గూడ అడిగిన్రు. అప్పుడు ఆఫీసర్, గంగన్నా, నీకు జమానత్ ఎందుకు, నీ మాటనే చాలు, పో అన్నడు. నేనే వద్దన్న. రూలు రూలే, మా తమ్ముడు లస్మయ్య ఉన్నడు, ఆయన పాస్‌పోర్ట్ ఉంచుకోండ్రి అన్న. నీ ఫోటో చూసి ఆఫీసర్ ఎంత సంబురపడ్డడో ఎరుకేనా తమ్మీ? ఇసొంటి మంచి మొఖం ఇన్నేండ్లల్ల మా స్టేషన్‌కు రాలేదన్నడు."

లస్మయ్య చాయ్ గిలాస రెండు చేతుల నడుమ పట్టుకోని ఉన్నడు, తాగుతలేడు.

"మరి బుధవారం కోర్టుకు పోయినవా అన్నా" అని మెల్లగ అడిగిండు.

"పోయినవా అని అడుగుతున్నవా? మా అర్బాబ్ పొద్దుగాల తలుపు కొట్టిండు. గంగన్నా, ఇయ్యాల నువ్వు స్టీరింగ్ పట్టొద్దు, ఎనుక సీట్ల కూసో అన్నడు. తను నడిపిండు. ఏసీ ఎంత పెట్టాలె అని నన్ను అడుక్కుంట నడిపిండు."

అర్బాబ్‌కు తెల్వొద్దనే గదా లస్మయ్య పాస్‌పోర్ట్ పెట్టినవు అని రాజన్న అడిగిండు.

"నేను తెల్వనిచ్చిననా? అద్దంల నా మొఖం చూసి తనే కనుక్కున్నడు. చదువుకున్నోళ్లు కనుక్కుంటరు, పల్లీలు తినేటోళ్లకు తెల్వది. ఇగ కోర్టుకు పోయినం. మెట్ల మీద జనం. నాకు తర్జుమా చెయ్యనీకి ఒక మనిషిని పెట్టిన్రు, నేను వద్దన్న, నేనే అరబ్బీల చెప్త అన్న."

"పోయిన వారం బకాలా కిరాణంల ఉప్పు అడగనీకి చేతులతోని చూపెట్టినవు గదనే" అన్నడు రాజన్న. "వాడు నీకు పళ్లపొడి ఇచ్చిండు."

"అది బకాలా అరబ్బీ. కోర్టు అరబ్బీ వేరు ఉంటది. కోర్టు అరబ్బీల ఉప్పు ముచ్చటనే రాదు. ముజఫ్ఫర్ భాయ్, నువ్వు చెప్పు, నమాజ్ అరబ్బీల ఉప్పు వస్తదా?"

నన్ను నడుమకు లాగుతడని నాకు తెల్సు. నేను చాయ్ ఊదుకున్న.

"చూసిన్రా, రాదు. నేను నోరు తెరిసిననో లేదో, ఆడున్న ఈజిప్ట్ వకీల్లు ముగ్గురు కలాలు తీసిన్రు, మా ఊళ్లె గూడ ఇంత మంచిగ మాట్లాడేటోడు లేడని రాసుకున్నరు. హుజూర్ అన్న. ఒక్క మేకను రెండుసార్లు హలాల్ చేస్తరా అన్న. జడ్జి కలం కింద పెట్టిండు. పోలీసోళ్లు పట్టుకున్నరు, నా మంచి పేరు పోయింది, అది ఒక శిక్ష. జమానత్ గుంజుకున్నరు, అది ఒక శిక్ష. ఇగ మీరు ఇంకొకటి ఏస్తే నేను ఇంక రెండు సిగ్నళ్లు దాటి లెక్క సరి చేసుకోవాలె, మరి దాటుమంటరా అన్న. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? జడ్జి తల మీది గుడ్డ అంచుతోని కండ్లు ఒత్తుకున్నడు. ఇన్నేండ్లు నేను ఎన్ని మేకలను రెండుసార్లు కోసిననో అని కుమిలిపోయిండు. బంట్రోతు పోయి నీళ్లు తెచ్చిండు. నేనే తాగిపిచ్చిన."

హోటలాయన గూడ టీ వడగట్టుడు ఆపి చూస్తున్నడు. ఆయనకు తెలుగు రాదు గానీ గంగన్న చేతులు చూస్తే సగం ముచ్చట అర్థమయితది.

"అప్పుడు తీర్పు చెప్పిండు. గంగన్న జమానత్ జప్తు రద్దు, గంగన్న మీది కేసు రద్దు, ట్యాక్సీ డోర్ మీద కేసు అన్నడు. నేను కూసుంటనా? నా ఒక్కనిదే రద్దయితే ఏం లాభం సాబ్, మా మంది ఉన్నరు, డ్యూటీ ఇడిసి రాలేక తారీఖు తప్పినోళ్లు ఉన్నరు, చెప్తే నౌకరి ఊడుతదని భయానికి రానోళ్లు ఉన్నరు, వాళ్ల సంగతేంది అన్న."

ఈ మాట అనేటప్పుడు గంగన్న గొంతు జర కిందికి దిగింది. తనకే తెల్సినట్టున్నది, గట్టిగ దగ్గి మల్ల లేపుకున్నడు.

"అందరియి రద్దు అన్నడు. కతర్ల ఇప్పటిదాక జప్తు అయిన జమానత్‌లన్ని రద్దు. గోదాము తెరిసిన్రు. పాస్‌పోర్ట్‌లు గోనె సంచులల్ల ఉన్నయి, సిమెంటు లారీలు తెప్పిచ్చి నింపిన్రు. తీస్కోనీకి మంది లైను కట్టిన్రు, ఆ లైను ఒక కొస కోర్టుల, ఇంకో కొస మీ రాస్ లఫాన్‌ల. నడుమల ఉన్నోళ్లకు నీళ్లు, కబ్సా బువ్వ. ఒక షేక్ డేగ గూడ ఉన్నది అండ్ల. డేగలకు ఇక్కడ పాస్‌పోర్ట్ ఉంటది, ఎరుకేనా, నిజం, ముజఫ్ఫర్ భాయ్‌ని అడుగు."

అది నిజమే అన్న. అప్పటిదాక ఆయన చెప్పిండ్ల నిజం అదొక్కటే.

"ఆ డేగ షేక్ బండి అద్దం మీద కూసోని దారి కనబడనియ్యలేదని దాని పాస్‌పోర్ట్ గూడ జప్తు చేసిన్రు. నా తీర్పుతోని అది గూడ వాపస్ వచ్చింది. డేగ వచ్చి నా తల చుట్టు తిరిగి, నా భుజం మీద వాలి, చెవుల ఏదో అన్నది. అరబ్బీలనే అన్నది. అప్పటికెల్లి నేను ఏ సిగ్నల్ కాడికి పోయినా లైటు తనంతట తనే పచ్చగయితది. నేను వద్దంటున్న, పక్కోళ్లకు గూడ జర ఇయ్యుండ్రి అంటున్న, ఇంటలేదు. కెమెరా ఉంటది గదా పట్ పట్ మని ఫోటో కొట్టేది, అది నా బండి వస్తే కన్ను మూసుకుంటది."

"ఇగ అయిందా?" అన్నడు రాజన్న.

"ఏడ అయింది? జడ్జికి నమాజ్ ఏళ అయింది. గంగన్నా, నేను పోయి వచ్చేదాక నా కుర్సీల జర కూసో అన్నడు. వద్దు సాబ్, మాసిన బట్టలున్నయి అన్న. ఇనలే. తన కోటు తీసి నాకు తొడిగిండు. కూసున్న. కేసులు పిలిచిన్రు, ఒక్కొక్కటి ఇన్న, అందరిని పో, పో, యల్లా అని ఇడిసిపెట్టిన. అండ్ల ఒక కేసు వచ్చింది, సిగ్నల్ దాటుడు, ట్యాక్సీ డోరు. పేరు చూస్తే నా పేరే. బంట్రోతు తప్పిపోయి మల్ల తెచ్చిండు. నేను ఆలోచనల పడ్డ. ఒక్క తప్పుకు రెండు శిక్షలు లేవు అని తీర్పు అయింది, మరి ఒక్క మనిషిని రెండుసార్లు ఇడిసిపెట్టొచ్చునా? కానూన్ కానూనే గదా. గంగన్న మీద దయ చూపిచ్చిండని రేపు ఎవలు అనొద్దు. అందుకని నన్ను నేను నిలబెట్టుకోని అడిగిన, ఇంకోపారి చేస్తవా? చెయ్యను హుజూర్ అన్న. అప్పుడు ఇడిసిపెట్టిన."

రాజన్న నోట్ల పల్లీలు గొంతుకు అడ్డం పడ్డయి. నేను ఈపు మీద చరిసిన. మలబారీ ఆయన గూడ నవ్విండు. గంగన్న మాత్రం నవ్వలేదు, తల ఊపుకుంట చాయ్ తాగిండు. ఆ కుర్సీల ఇంక కూసున్నట్టే ఉన్నది ఆయనకు.

లస్మయ్య గిలాస బెంచీ మీద పెట్టిండు.

"అయితే నా పాస్‌పోర్ట్ ఏదన్నా?"

"వస్తది తమ్మీ. లారీలల్ల పేర్లు చూసి పంచుతున్నరు గదా, రాస్ లఫాన్ లారీ జర ఆలిశమైంది. జడ్జి నాకు మాట ఇచ్చిండు, లస్మయ్యది నేనే సొంతంగ క్యాంపుకు తీస్కపోయి ఇస్త, పనిల పని ఆ మంచి మొఖం గూడ చూసినట్టయితది అన్నడు."

"నిన్న నేను పోయిన అన్నా."

"ఏడికి?"

"కోర్టుకు."

గంగన్న ఒక కాలు బెంచీ మీదికెల్లి కిందికి దించిండు.

లస్మయ్య కోపంగ చెప్పలేదు. సైట్ మీద పొద్దటి పని ఏందో ఫోర్మన్‌కు చెప్పినట్టు చెప్పిండు. పాస్‌పోర్ట్ తీస్కపోదామని ఫోర్మన్‌ను బతిలాడి ఒక్క పూట సెలవు అడుక్కోని పోయిండట. ఆడ ఒక సూడాన్ గుమస్తా ఉన్నడట, హిందీ జర జర వస్తదట. బుధవారం గంగన్న పేరు పిలిచిన్రట, మల్ల పిలిచిన్రట, బయట వరండాల గూడ పిలిచిన్రట. ఎవలు పలుకలేదు. జమానత్ జప్తు అని రాసి, లస్మయ్య పాస్‌పోర్ట్ లోపల పెట్టిన్రట.

"నేను ఆ గుమస్తాను బతిలాడిన" అన్నడు. "ఇది తిరిగి రావాలంటే ఏం చెయ్యాలె అని అడిగిన. తప్పు చేసిన మనిషి తనంతట తను వచ్చి, ఆ దినం ఎందుకు రాలేదో జడ్జి ముంగట చెప్పాలె, జడ్జికి అది సరే అనిపిస్తే జప్తు తీసేస్తరు, తర్వాత కేసు మామూలుగ నడుస్తది అన్నడు. వేరేటోళ్లు వచ్చి చెప్తే నడ్వదట. నేను చెప్త అన్న, నడ్వదన్నడు."

"బుధవారం పొద్దంత కోర్టుల ఉన్న అని చెప్తున్నవు" అని రాజన్న మొదలుపెట్టిండు గానీ, లస్మయ్య చెయ్యి అడ్డం పెట్టిండు.

"వచ్చి అడగంగనే చెప్తవేమో అనుకున్న. జర సేపటికి చెప్తవేమో అనుకున్న. డేగ వచ్చేదాక గూడ చూసిన."

గంగన్న గొంతు సరి చేసుకున్నడు. అది కాదు తమ్మీ, పాస్‌పోర్ట్ ఇచ్చినం గదా, ఇగ దానితోని అయిపోయింది అనుకున్న, ఒకసారి జమానత్ పట్టుకున్నంక మల్ల కోర్టుకు పిలుచుడు అంటే ఒక్క తప్పుకు రెండు శిక్షలు కాదా, న్యాయం నువ్వే చెప్పు అన్నడు. ఈసారి చేతులు ఊపలేదు. ఈ ముచ్చట ఒక్కటి ఆయన నిజంగనే నమ్మిండని నాకు అనిపిచ్చింది. బుధవారం పొద్దున పిల్లలను బడికి తోలుడు ఇడిసి కోర్టుకు పోతున్న అని అర్బాబ్‌కు ఏ నోటితోని చెప్పాలె, అందుకని ఈ న్యాయం ఆయనకు బాగ పనికొచ్చి ఉంటది.

లస్మయ్య ఆయన దిక్కే చూసిండు.

"న్యాయమే అన్నా. ఒక్క తప్పుకు ఒక్కటే శిక్ష. తప్పు నువ్వు చేసినవు, ఆ ఒక్క శిక్ష నాకు పడ్డది. నా కొడుకుకు ఇంక జడలే ఏస్తున్నరు."

 రాజన్న పల్లీల పొట్లం మడిచి జేబుల పెట్టుకున్నడు. మలబారీ ఆయనకు ఏమనిపిచ్చిందో, లస్మయ్య చల్లారిన చాయ్ తీసి వేరే గిలాస పెట్టి పోయిండు.

గంగన్న రెండో కాలు గూడ కిందికి దించి చెప్పులు ఏసుకున్నడు. అర్బాబ్‌కు తెలుస్తది గదా తమ్మీ అన్నడు. తెలుస్తది అన్నడు లస్మయ్య. నౌకరి పోతదేమో అన్నడు. పోతదేమో అన్నడు లస్మయ్య, నా విమానం అయితే పక్కాగ పోతది. గంగన్న మెడ వంచుకోని బెంచీ చెక్కను గోరుతోని గీక్కుంట కూసున్నడు. రోడ్డు మీద సిగ్నల్ పచ్చ పడ్డది, బండ్లు పోయినయి, మల్ల ఎర్ర పడ్డది. ఆయన చూడలేదు.

తల లేపి నన్ను అడిగిండు.

"ముజఫ్ఫర్ భాయ్, ఆదివారం పొద్దుగాల కోర్టుకు పోవాలంటే ఏ బస్సు ఎక్కాలె? అది అసలు ఏ దిక్కు ఉంటది?"